అంచు వ్రాతలు: వానిని అచ్చువేయు విధము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవమున సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మన నెల్లూరు సీమవాడు కనుక తిక్కనను గూర్చియో, మనుమసిద్ధి కొలువును గూర్చియో చెప్పునని మీరు తలచియుందురు. నేను గురుముఖమున కావ్యములు చదివినవాడను కాను. పగలు సహకార సంఘపు లెక్కలు వ్రాసికొనుచు, రాత్రివేళ నిఘంటువు ఒడిలో పెట్టుకొని భారతము చదివినవాడను. కనుక పండితుల సొమ్ము పండితులకే వదలి, లెక్కలు వ్రాయువానికి అందదగిన విషయమొకటి మీ ముందుంచెదను. పుస్తకపు అంచున ఒకరు చేతితో వ్రాసిన వ్రాతను, ఆ పుస్తకములోని పాఠముతో కూడ, దేని చోట దానినుంచి అచ్చువేయుట ఎట్లు? ఈ ప్రశ్న మనకు వినోదమునకై పుట్టినది కాదు. మన బీరువాలోనే పుట్టినది.

తూర్పు గోడ ప్రక్కనున్న ఇనుప బీరువాలో విరాటోద్యోగ పర్వముల పాత ప్రతులు రెండు కలవు. మన ఊరి ఉన్నత పాఠశాలలో బహుకాలము తెలుగు చెప్పిన అయ్యవారు తమ తదనంతరము వానిని మనకు ఇప్పించిరి. ఆయన పేరు ఈ సభలో చెప్పనక్కరలేదు. సగముమంది ఆయన చేతి బెత్తము రుచి ఎరిగినవారే. ఆ ప్రతులలో ప్రతి పద్యమునకు నాలుగు వైపులను పెన్సిలు వ్రాతలున్నవి. అన్వయక్రమము తెలియుటకై పదముల నెత్తిన 1, 2, 3 అని అంకెలు వేసిరి. యతి కుదిరిన రెండక్షరములను కలుపుచు విల్లువలె వంచిన గీతలు గీచిరి. కఠిన పదమునకు నిఘంటువులోని అర్థముతో తృప్తిపడక మన తీరపు మాటలో అర్థము వ్రాసిరి. సేనను సముద్రముతో పోల్చిన ఒకచోట, అంచున, “తుపానుకు ముందటి పోటు, మన పట్టపువారినడిగిన తెలియును” అని ఉన్నది. అచ్చు వ్యాఖ్యానములు కొన్ని చదివితిని గాని, ఆ ఉపమానము నాకు అర్థమైనది ఆ పెన్సిలు మాట చూచిన తరువాతనే.

పెన్సిలు వ్రాత నీటికి కరగదు. 2021 నవంబరు వానలకు బీరువా అడుగు అర తడిసి, మన గ్రంథాలయ ముద్ర సిరా అంతయు పుటలకు ప్రాకినను, అయ్యవారి వ్రాత చెదరలేదు. కాని అది రాపిడికి చెరుగును. పుట త్రిప్పినకొలది పలుచనగును. అంతకన్న పెద్ద చిక్కొకటి కలదు. ఉప్పుగాలికి పాతకాగితము చివుకుట నడిమినుండి మొదలుకాదు, అంచునుండి మొదలగును. అయ్యవారి వ్రాతలున్నది అంచుననే. తిక్కన పద్యమునకు వేరు ప్రతులు వేలకొలది కలవు. ఈ అంచులకు వేరు ప్రతి లేదు.

కార్యవర్గమున ఈ విషయమై రెండు పక్షములేర్పడినవి. పాత ప్రతులను తీసివేసి క్రొత్తవి కొందమని ఒక పక్షము. రెండవ పక్షమువారి ఆక్షేపణ వేరు: “గ్రంథములలో వ్రాయరాదు, వ్రాసినవారికి జరిమానా” అని గోడమీద నియమము వ్రాసియుంచి, పుస్తకములో వ్రాసిన వ్రాతలనే మనము అచ్చువేయించిన పిల్లలేమి నేర్చుకొందురని వారు అడిగిరి. ఆ మాట తీసివేయదగినది కాదు. నియమము నిలువవలసినదే, గ్రంథాలయ పుస్తకము పదిమంది సొత్తు. అయితే అయ్యవారు వ్రాసినది తమ సొంత పుస్తకములో. అది పిమ్మట మన చేతికి వచ్చినది. ఇంటిలో అమ్మమ్మ నడికట్టు దులిపి చూడక చాకలికి వేయము గదా.

అంచు వ్రాతకు మన దేశమున పాత చరిత్ర కలదు. తాటాకుమీద గంటముతో వ్రాసి మసి పూసి చదువుకొనిన దినములలోను చదువరి ఆకు చివర చిన్న అక్షరములతో అర్థమో పాఠాంతరమో గీచుకొనెడివాడు. తరువాత ఆ ప్రతికి ప్రతి వ్రాయు లేఖకుడు రెండింటిలో ఒకటి చేసెడివాడు. అంచు వ్రాతను లెక్కింపక వదలివేసిన అది నశించెను. పాఠమున కలిపి వ్రాసిన కవి మాటగా చెలామణి అయ్యెను. ప్రక్షిప్తములని పండితులు తగవులాడుకొను వానిలో ఇట్లు పుట్టినవియు కలవు. సి.పి. బ్రౌను దొరగారు (1798-1884) ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పండితులచేత సరిపోల్చించి శుద్ధప్రతులు వ్రాయించుటకు ఈ కల్తీయే ఒక కారణము. ఆయన కూర్పించిన ప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున కలవు. ఆయన జాబులను, చిల్లర వ్రాతలను ఓపికతో వెదకి 1970 దశకమున వెలుగులోనికి తెచ్చిన బంగోరె, అనగా బండి గోపాలరెడ్డిగారు, మన నెల్లూరు జిల్లావారే. చిత్తు కాగితములని ఇతరులు తలచినవానిలో ఆయన చరిత్రను చూచిరి.

వదలుట, కలుపుట అను ఈ రెండు దోషములకు నడుమ మూడవ దారి ఉన్నదా అనునది ప్రశ్న. లెక్కల పుస్తకమున ఆ దారి ఎప్పటినుండియో కలదు. మా తండ్రిగారు కరణము చేసిరి. 1984లో ఆ ఉద్యోగములు రద్దగువరకు మా ఇంట అడంగళ్లు కట్టలుగా నుండెడివి. పడిన అంకెను గీకివేయరాదు, దానిపై మరియొక అంకె దిద్దరాదు. మొదటిది కనబడునట్లు ఒక్క గీత కొట్టి, పైన వేరొక అంకె వేసి, ప్రక్కన పొట్టి సంతకము చేయవలెను. చెప్పవలసినది ఇంకను ఉన్న కట్టకడపటి గడిలో వ్రాయవలెను. అసలు అసలుగానే, వివరణ వివరణగానే ఉండును. రెండును ఒకే పుటలో ఉండును. ఎవరు వ్రాసినది తెలియుచుండును. అయ్యవారి భారతమునకు నేను కోరినది ఇంతే.

మొదట పుస్తకమును నెల్లూరు తీసికొనిపోయి యంత్రముపై ఛాయలు తీయించితిమి. నలుపు, తెలుపు తప్ప మూడవ రంగు ఎరుగని పద్ధతిలో తీసిన పెన్సిలు వ్రాత నిలువదు. యంత్రము ప్రతి చుక్కను ఇటో అటో తేల్చివేయును. పలుచని బూడిదరంగు తెలుపులో కలసిపోవును, మాసిన కాగితము నల్లబారును. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పథకము క్రింద 2000 తరువాత మన పాత తెలుగు పుస్తకములు వేలకొలది ఎక్కించిన పద్ధతియు ఇదే. అంగుళమునకు 600 చుక్కలు ఉన్నను చుక్క మాత్రము నలుపో తెలుపో. అది మహోపకారము, అచ్చక్షరమునకు అది చాలును. పెన్సిలు మాటకు చాలదు. పిమ్మట రంగు ఛాయలు తీయించితిమి. వ్రాత కనబడెను. కాని పుట బొమ్మగానే మిగిలెను. ముసలివారికి అక్షరము పెద్దది చేసిన మరకలును పెద్దవగును. పదమును వెదకుటకు వీలు లేదు.

అప్పుడు మన ఊరి చేపల సంఘపు గుమాస్తాగారి కుమార్తె పూనుకొన్నది. నెల్లూరులో ఇంజనీరింగు చదివి చెన్నపట్టణమున ఉద్యోగము చేయుచున్న ఆ చిరంజీవి సెలవులకు వచ్చినప్పుడెల్ల కూర్చుండి ఒక ప్రోగ్రాము వ్రాసినది. నేను ప్రక్కన కూర్చుండి అడిగిన ప్రశ్నలకు విసుగక సమాధానము చెప్పినది. నాకు తెలిసినంత మీకు చెప్పెదను.

గాజుపలకమీద పెన్నును ఆనించినది మొదలు ఎత్తువరకు ఒక గీత. ఆ గీతను యంత్రము బొమ్మగా ఉంచుకొనదు, లెక్కగా ఉంచుకొనును. ఎడమనుండి ఎంత దూరము, పైనుండి ఎంత దూరము, పెన్ను ఒత్తిడి ఎంత అని సెకనుకు నూరు పర్యాయములకు పైగా పద్దు వేసికొనును. “ఇది అడంగలే గదమ్మా” అంటిని. “అవును మామా, అక్షరానికో అడంగలు” అన్నది. ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. పెన్నుతో వ్రాయు టాబ్లెట్ కంప్యూటరులకై మైక్రోసాఫ్టువారు 2002లో ప్రత్యేకమైన విండోసు నిచ్చిరి. మన దక్షిణదేశముననే బెంగుళూరు శాస్త్రజ్ఞులు సింప్యూటర్ అను చేతిపలకను కల్పించి 2004లో అమిడా అను పేరున విపణికి తెచ్చిరి; దానిపై సొంత దస్తూరితోనే జాబు వ్రాసి పంపుటకు వీలుండెను. కర్ణాటకమున భూమి లెక్కల సేకరణకు దానిని వాడిరని విన్నప్పుడు నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. బెంగుళూరులోని హెచ్.పి. పరిశోధనశాలవారు తెలుగు చేవ్రాత నమూనాలను సేకరించి పరిశోధకులకు అందించిరి. గీతల పద్దును యంత్రములన్నియు ఒకేరీతిగా చదువుటకై ఇంక్‌ఎమ్మెల్ అను ఒప్పుదల 2011లో వెలువడెను.

ఇచట ఒక భేదమును గమనింపవలెను. చేవ్రాతను చదివి అచ్చక్షరములుగా మార్చుట ఒక విద్య. చేవ్రాతను చేవ్రాతగానే పుటపై నిలుపుట వేరొక విద్య. మనకు కావలసినది రెండవది. యతి కలుపు విల్లు గీతను ఏ అక్షరముగా మార్చగలము? పదము నెత్తిన అంకెను పంక్తిలోనికి దింపిన దాని పని పోవును. ఆ వ్రాతకు అర్థము దాని చోటుననే ఉన్నది.

పని ఇట్లు సాగుచున్నది. రంగు ఛాయను పలకపై అడుగున పరచి, దానిపై పెన్నుతో అయ్యవారి ప్రతి గీతను నేను అనుకరించి గీయుదును. నాకు ఆయన దస్తూరి చిన్ననాటినుండి పరిచితము. ఆయన ‘ఱ’ తోక ఎటు పోవునో ఎరుగుదును. తరువాత అడుగునున్న ఛాయను తొలగించి, దాని చోట శుభ్రముగా కూర్చిన పద్యపాఠమును ఉంచుదుము. ఇది లేఖకవృత్తియే, గంటము మారినది. నేను గీచిన ప్రతి గీతవెంట నా పేరును తేదీయు దాగియుండును; ఛాయలను వేరుగా భద్రపరచితిమి. రేపు ఎవరైన “ఇది అయ్యవారి గీతయా, లెక్కలవాని గీతయా” అని సంశయించిన సరిచూచుకొనవచ్చును.

ఇక అచ్చు దగ్గర వచ్చిన చిక్కులు. మొదటి పుట అచ్చుయంత్రమునుండి వెడలినప్పుడు పద్యములన్నియు సరిగా ఉన్నవి. అయ్యవారి వ్రాత మాత్రము ఎడమవైపు పై మూలలో ఆవగింజలవలె ముద్దకట్టినది. కారణము కొలత. మైక్రోసాఫ్టువారి పద్ధతిలో పెన్ను గీతకు కొలత మిల్లీమీటరులో నూరవ వంతు, అంగుళమునకు 2540. తెరకు సాధారణముగా అంగుళమునకు 96 చుక్కలు, అచ్చుయంత్రమునకు 600. తెరమీది లెక్కను అట్లే అచ్చుయంత్రమునకు పంపిన అంగుళము దూరము ఇంచుమించు అంగుళములో ఆరవ వంతునకు కుదియును. తూముతో కొలిచిన ధాన్యమును మానికలని పద్దు వేసిన ఏమగునో అదియే అయినది. గీత మందమునకును ఇదే లెక్క. తెరపై ఒక చుక్క మందమున్నదానిని అచ్చులో ఒక చుక్కగా వేసిన కంటికి ఆనదు. పి.డి.ఎఫ్. అను పత్రపద్ధతిలో మరియొక వింత కలదు. తెరకు లెక్క పైనుండి క్రిందికి. దానికి క్రిందినుండి పైకి, అంగుళమునకు 72 చొప్పున. అది మరచిన పై అంచు వ్రాత క్రింది అంచున తలక్రిందులుగా దిగును.

కొలతలు కుదిరిన పిమ్మట అసలు కష్టము వచ్చినది. వృద్ధులైన చందాదారులకై అక్షరము పెద్దది చేయగా పంక్తులు జరిగినవి, పద్యములు తరువాతి పుటకు పోయినవి. వ్రాతలు మాత్రము పాతచోటనే నిలిచి, ఉత్తరకుమారునిపై వ్రాసిన హాస్యము ధర్మరాజు మాట ప్రక్కన వెలసినది! ఇది మన కొక్కరికే వచ్చిన చిక్కు కాదు. పాఠము జరిగినప్పుడు చేవ్రాత ఎట్లు జరుగవలెనని బార్జిరన్, మాస్కోవిచ్ అనువారు 2003లోనే ఒక వ్యాసము ప్రకటించిరట. అమ్మాయి చేసిన ఉపాయమేమనగా, వ్రాతను పుటకు కట్టక పదమునకు కట్టుట. పడవను ఇసుకకు కాక లంగరుకు కట్టినట్లు, పదమెటు పోయిన వ్రాత అటు పోవును.

తెలుగున అందును ఒక మెలిక ఉన్నది. కంప్యూటరు వాడు యూనికోడ్ పట్టికలో ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము ఆరు సంకేతముల కూర్పు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు. ఆంగ్లమునకు అలవాటుపడిన ప్రోగ్రాము మూడవ సంకేతమునకు గీతను కట్టిన అది అక్షరము నడుమ చిక్కుకొనును. యతి అక్షరమునకు గాని సంకేతమునకు కాదు గదా. కనుక మొదట పంక్తిని అక్షరములుగా విడదీసి, పిమ్మట లంగరు వేయవలసివచ్చెను. ఛందస్సు నేర్చుకొనుటకు పిల్లలచేత మనము అక్షరములను విడదీయించు పనినే ఆమె యంత్రముచేత చేయించినది. ఈ ఒక్క పనికి రెండు సెలవులు పట్టినవి.

ఇన్నియు కుదిరి, తెరపై పుట చూడముచ్చటగా ఉన్నది. అచ్చునకు పంపితిమి. పద్యము వచ్చెను, వ్రాత రాలేదు! తెరపై ఉన్నది కాగితముపై లేదు. ఏమని చూడగా, పి.డి.ఎఫ్. పద్ధతిలో పాఠముపై చేర్చిన ప్రతి వ్యాఖ్యకును వెంట కొన్ని గుర్తులుండును. వానిలో ఒకటి అచ్చుగుర్తు. అది పెట్టిననే ఆ వ్యాఖ్య అచ్చగును. పెట్టనిచో తెరపై ఎంత స్పష్టముగా కనబడినను కాగితముపైకి రాదు. ప్రోగ్రాము దానిని పెట్టవలెను. అన్నిటికిని పెట్టుదునని ఆమె చేయి చాచినది.

“ఉండుమమ్మా” అని ఆపితిని. ఆ గుర్తును నేను వేరు కంటితో చూచితిని. ఏలయనగా అయ్యవారి అంచులలో ఉన్నవన్నియు అర్థములు కావు. ఒకచోట ఆనాటి బియ్యపు ధర ఉన్నది. ఒకచోట మన ఊరివారే ఒకరికిచ్చిన అప్పు, పేరుతో సహా ఉన్నది. ద్రౌపది దుఃఖించు ఘట్టమున ఒక తేదీ వేసి, “బిడ్డకు జ్వరము తగ్గలేదు, రాత్రి పాఠము సాగలేదు” అని ఉన్నది. ఇవి అచ్చువేయదగునా? పుట పుటయంతయు నిజమునకు సాక్షి కనుక ఏదియు దాచరాదని అమ్మాయి వాదము. ఆయన తన కొరకు వ్రాసికొన్నది ఊరికి పంచు హక్కు మనకెక్కడిదని నా వాదము. ఇద్దరమును నెగ్గక, పైఊరిలో కాపురమున్న అయ్యవారి కుమార్తెగారికి పుటల ఛాయలతో జాబు వ్రాసితిని.

పది దినములకు బదులు వచ్చెను. అప్పు మాట వద్దనిరి. ఆ బాకీ ఎప్పుడో తీరినదనియు, పుచ్చుకొన్నవారి పిల్లలు ఇదే గ్రంథాలయమునకు వత్తురనియు వ్రాసిరి. బియ్యపు ధర మన ఇష్టమునకు వదలిరి. జ్వరపు మాట మాత్రము తప్పక అచ్చువేయుమనిరి. ఆ బిడ్డ తామేనట. తండ్రిగారు ఆ రాత్రి పుస్తకము మూయలేదని తమకు ఇంతవరకు తెలియదట.

ఆ ప్రకారమే చేయుచున్నాము. అప్పు మాటకు అచ్చుగుర్తు పెట్టలేదు, చెరిపివేయనులేదు. అది మా పద్దులో ఉన్నది, కాగితముపైకి రాదు. ఇంతవరకు విరాటపర్వపు అయిదాశ్వాసములలో మూడు పూర్తియైనవి. ఆ పుటలను బయట వసారాలోని బల్లపై ఉంచితిమి. పద్యము నల్లగాను, అయ్యవారి వ్రాత నీలముగాను అచ్చైనది. రంగు మార్చుట అమ్మాయి యోచన. కవి మాట ఏదో, చదువరి మాట ఏదో పసివానికిని తెలియును.

కార్యవర్గమువారికి నా విన్నపములు మూడే. పాత ప్రతులను అమ్మవద్దు; గుడ్డలో చుట్టి పై అరలో ఉంచుడు. విరాటపర్వమును ఇరువదియైదు ప్రతులు అచ్చువేయుటకు కాగితపు ఖర్చు మాత్రము మంజూరు చేయుడు. కూలి అడుగువారు లేరు. గోడమీది నియమమును అట్లే ఉండనిండు. వ్రాయవలెనను కోరిక గల చదువరులకు పలక కలదు, అందులో వ్రాసిన పుస్తకము చెడదు.

సభికులకు ఒక మాట. ఉద్యోగపర్వమున మసకబారిన పుటలు కొన్ని నా కంటికి అందుట లేదు. అయ్యవారి శిష్యులు, ఆయన దస్తూరి ఎరిగినవారు ఇద్దరు ముగ్గురు తోడైన మేలు. ఆదివారము సాయంకాలము నాలుగు గంటలకు పలక ఇక్కడనే ఉండును. వచ్చువారు కళ్లజోడు తెచ్చుకొనవలెను.